పల్లెల్లో వికలాంగులు ఎక్కువా, లేక టౌన్లో మనకి కనబడరా?

మొగల్రాజపురం కుర్రోడు:

అందరికీ నమస్తే. నాదొక డౌటు, తెలిసినోళ్ళు కాస్త చెప్పండి. మాది దుగ్గిరాల పక్కన పల్లెటూరు, ఉద్యోగం కోసం వచ్చి ఇప్పుడు బెజవాడ మొగల్రాజపురంలో అద్దెకుంటున్నాం. ఊరెళ్ళినప్పుడల్లా గమనిస్తా, ఏ బజారుకెళ్ళినా చంక కర్రల మీద నడిచేవాళ్ళో, చూపు పోయి గోడ పట్టుకుని తిరిగే ముసలమ్మలో, పుట్టుకతో మాట రాని పిల్లలో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ అయిదు ఫ్లోర్లు, పక్కన ఇంకో మూడు అపార్ట్‌మెంట్లు, ఒక్కళ్ళు కూడా నా కంటబడలా.

మొన్న పెళ్ళిలో ఈ మాట వస్తే మా బావ (గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడులెండి, నోరు తెరిస్తే పర్సంటేజీలే) "దేశంలో వికలాంగుల్లో 69 శాతం పల్లెల్లోనే ఉన్నారు, మేనరికాలు, వైద్యం లేకపోవడం, ఇంకేం కావాలి" అని తేల్చేశాడు. నాకు పూర్తిగా ఎక్కలా. నిజంగా పల్లెల్లో రేటు అంత ఎక్కువా? ఎక్కువైతే ఎందుకు? పింఛన్ల లిస్టులు కాదు, అసలు లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి. ఇక్కడ డాక్టర్లు, టీచర్లు కూడా ఉన్నారు కదా.

లక్ష్మీపురం లెక్కలోడు:

మీ బావ చెప్పిన 69 కరెక్టే బ్రో, కానీ దాంతో తేలేదేం లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 2.68 కోట్ల మంది వికలాంగులు, అందులో పల్లెల్లో 1.86 కోట్లు, టౌన్లలో దాదాపు 82 లక్షలు. సరే, 69 వచ్చింది. మరి ఆ ఏడాది దేశ జనాభాలో పల్లెల్లో ఉన్నది ఎంత శాతం అని మీ బావని అడుగు. అది కూడా 69కి కాస్త అటూఇటూనే. జనం ఎంతమంది ఉంటే వాళ్ళలో వికలాంగులూ ఆ లెక్కనే ఉన్నారు, అంతేగా! మొత్తం సంఖ్య చూపించి రేటు అని చెప్పేస్తే ఎట్టా.

రేటు కావాలంటే ఇది చూడు. 2011లో పల్లెల్లో 2.24 శాతం, టౌన్లలో 2.17. అంటే పదివేల మంది ఉన్న పల్లెల్లో 224 మంది, అంతే జనం ఉన్న టౌన్లో 217 మంది. తేడా ఏడుగురు. దానికి నువ్వు కళ్ళారా చూసిన తేడాకీ ఎక్కడా పొంతన లేదు, అందుకే నీ డౌటు మంచి డౌటే.

ఇంకో సంగతి, పదేళ్ళ ముందు 2001లో పల్లె 2.21, టౌను 1.93 ఉండేది. ఈ పదేళ్ళలో పల్లెల్లో వికలాంగుల సంఖ్య 13.7 శాతం పెరిగితే టౌన్లలో 48.2 శాతం పెరిగింది. టౌన్లలో జనాభా కూడా పెరిగింది అనుకో, అయినా అంత కాదు. అంటే పల్లె ఉన్నచోటే ఉంది, టౌను ఎగబాకి దాని పక్కకి వచ్చి నిలబడింది. ఎందుకు వచ్చింది అన్నది నాకన్నా డాక్టర్లు బాగా చెప్తారు.

జాతీయ శాంపిల్ సర్వే వాళ్ళ లెక్క మాత్రం కొంచెం వేరు. 2018 జులై నుంచి డిసెంబర్ దాకా చేసిన 76వ రౌండ్ సర్వేలో పల్లె 2.3, టౌను 2.0 వచ్చింది, 2002లో చేసినదాంట్లో 1.85, 1.50. ఏది చూసినా పల్లెదే పైచేయి, కానీ వెంట్రుకవాసి. మన ఉమ్మడి ఏపీలో 2011లో 22.66 లక్షల మంది, 2.68 శాతం, దేశం సగటు 2.21 కంటే ఎక్కువ. మన దగ్గర జబ్బులెక్కువని నేననుకోను, అప్పటికే సదరం క్యాంపులు (వైకల్యం సర్టిఫికెట్లు ఇచ్చేవి) మొదలయ్యాయి, పింఛను ఉంది, చెప్పుకుంటే లాభం అని జనానికి తెలిసింది. ఇది నా ఒపీనియన్, లెక్క కాదు.

పల్లెల్లో ఎక్కువ ఉండటం మన ఒక్కళ్ళకేం కాదు. అమెరికాలో కూడా అంతే, పెద్ద నగరాల కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) 12 శాతం దగ్గరుంటే బాగా మారుమూల కౌంటీల్లో 17, 18 దాకా వెళ్తుంది. పల్లెల్లో ముసలోళ్ళెక్కువ కాబట్టి అనుకుంటాం, కానీ 2016 సర్వే డేటాలో వయసు తేడా తీసేసి చూసినా మారుమూల కౌంటీల్లోనే ఎక్కువని సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ళు రాశారు. మరి మనకి 2 శాతం ఏంటి వాళ్ళకి 12 ఏంటి అంటావేమో, అది అడిగే పద్ధతిలో ఉంది. వాళ్ళు "మెట్లెక్కడం కష్టంగా ఉందా, గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉందా" అని పని పేరు పెట్టి అడుగుతారు, మనవాళ్ళు "మీ ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా" అని అడుగుతారు. ప్రపంచం మొత్తం మీద 16 శాతం అని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. మనం 2.2 దగ్గర కూర్చుని పల్లెకీ టౌనుకీ దశాంశాల్లో పోటీ పెడుతున్నాం.

సత్తెనపల్లి మాస్టారు:

బాబూ, లక్ష్మీపురం అబ్బాయి చెప్పిన చివరి మాట దగ్గర నుంచి నేను అందుకుంటా. రిటైర్డ్ టీచర్ని, 2001లోనూ 2011లోనూ ఇంటింటికీ తిరిగి జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్ డ్యూటీ చేశాను, ఒకసారి పల్లెలో, ఒకసారి గుంటూరు టౌన్లో. ఆ 2.24, ఆ 2.17 ఎట్లా తయారవుతాయో చేత్తో రాసినవాణ్ణి.

2001 ఫారంలో ఈ ప్రశ్న 15వది, అప్పటికి ఇంటావిడకి విసుగొచ్చేసేది, పొయ్యి మీద కూర మాడిపోతోంది మాస్టారూ అనేది. 2011లో దాన్ని 9వ ప్రశ్నకి తెచ్చారు, రకాలు కూడా ఎనిమిది చేశారు, చూపు, వినికిడి, మాట, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, ఇతరం, ఒకటికంటే ఎక్కువ. ట్రైనింగులో గట్టిగానే చెప్పారు, అయిదో కోడూ ఆరో కోడూ వేసేటప్పుడు జాగ్రత్తగా మెత్తగా అడగమని. అడిగితే చెప్పేదెవరు? దేశం మొత్తం మీద మానసిక జబ్బు కింద రాయించుకున్నది ఏడు లక్షల చిల్లర, మొత్తం వికలాంగుల్లో 2.7 శాతం. నూట ఇరవై ఒక్క కోట్ల జనంలో ఇంతేనంటే మీరు నమ్ముతారా, నేను నమ్మను. ఏ పేరూ పెట్టకుండా "ఇతరం" అనేసింది మాత్రం 18 శాతం పైనే.

పల్లెలో ఒక ఇల్లు చెప్తాను. పెద్దావిడ వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది, చేతులే చూస్తున్నాయి, కళ్ళు ఎటో ఉన్నాయి. మనవడు పక్కన కూర్చుని గింజలు దూరంగా పడితే ఏరి చెంబులో వేస్తున్నాడు. కోడల్ని అడిగితే "లేదండీ, మా ఇంట్లో అట్లాంటి వాళ్ళెవరూ లేరు" అంది. మరి అత్తగారు? "ఆమెకేముంది, ముసలితనం." కాటరాక్టు ముదిరి రెండు కళ్ళూ పోయిన మనిషి, కానీ వాళ్ళ దృష్టిలో అది జబ్బూ కాదు, వైకల్యమూ కాదు, వయసు. నాకు ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు కాబట్టి ఎదురు ప్రశ్న వేసి రాసుకున్నా. ఇంకో ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల, ఒక చెవి అసలు వినబడదు, రెండోది అంతంత మాత్రం, నాదగ్గరే చదువుకుంది. తండ్రి దండం పెట్టినంత పని చేశాడు, సంబంధాలు చూస్తున్నాం మాస్టారూ, కాగితం మీద ఎక్కించొద్దని.

టౌన్లో ఏం జరిగిందంటే, గ్రిల్లు గేటు అవతల నుంచే మాట్లాడేవాళ్ళు. "ఎంతమంది, నలుగురం, పేర్లు రాసుకోండి, వికలాంగులా, ఎవరూ లేరు." అయిపోయింది. లోపల గదిలో ఎవరున్నారో నాకేం తెలుసు, నేనెవరో వాళ్ళకేం తెలుసు. పల్లెలో దాచాలన్నా దాచలేరు, టౌన్లో దాచక్కర్లేకుండానే దాగిపోతారు. కాబట్టి నన్నడిగితే పల్లె లెక్క కొంత నిజానికి దగ్గర, టౌన్ లెక్క ఇంకా తక్కువ రాసింది. రెండూ తక్కువే అనుకోండి.

మిర్చియార్డు బాబాయ్:

అందరూ లెక్కలు బానే చెప్తున్నారు గానీ పల్లెల్లో ఎక్కువ కనబడ్డానికి అసలు కారణం పింఛను అండి, ఉన్న మాట చెప్తున్నా ఎవరూ ఏమనుకోవద్దు. 2024 జులై నుంచి మూడు వేలది ఆరు వేలు అయింది, మంచానికే పరిమితమైతే పదిహేను వేలు. మా ఊళ్ళో శుభ్రంగా బండి నడిపేవాడికి కూడా చెవుడు సర్టిఫికెట్ ఉంది, వెనకనుంచి నూటపదిహేను నోటు కింద పడ్డ చప్పుడైనా విని తిరిగేరకం. 2025లో మళ్ళీ వెరిఫికేషన్ ఊరికే పెట్టారా?

అట్లాగని అందరూ దొంగలు అనట్లా. మా యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) ఒక్కోటి నలభై కేజీల పైమాటే, సీజన్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వీపు మీద మోసిన హమాలీకి నలభై ఏళ్ళు దాటేసరికి నడుం వంగదు, వంగితే లేవదు. వాడెళ్తే "డిస్కు ప్రాబ్లం, పర్సంటేజీ రాదు" అని పంపించేస్తారు. వైకల్యం నలభై శాతం ఉంటేనే కదా ఏదైనా వచ్చేది. పని చేసుకోలేనోడికి ముప్పై, పని చేసుకునేవాడికి యాభై, ఇదేం కొలతో నాకర్థం కాదు.

భవానీపురం అక్క:

బాబాయ్ గారూ, నూటపదిహేను రూపాయల నోటు ఎక్కడుందో ముందు అది చెప్పండి, తర్వాత చెవుడు సంగతి మాట్లాడదాం 😀

దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, కానీ జనాభా లెక్కలకీ పింఛను లిస్టుకీ సంబంధం లేదు, ఎన్యూమరేటర్ మనల్ని సర్టిఫికెట్ చూపించమని అడగడు. 2018 సర్వేలోనే తేలింది, దేశంలో వైకల్యం ఉన్న వందమందిలో సర్టిఫికెట్ ఇరవై తొమ్మిది మందికి కూడా లేదు, 28.8 శాతం. మీరు ఆ లేనోళ్ళని వదిలేసి ఉన్నోళ్ళలో దొంగల్ని ఏరుతున్నారు.

నాకు పోలియో, కుడికాలు. పుట్టింది నందిగామ దగ్గర పల్లెలో, డెబ్బైల చివర్లో. మా ఈడు వాళ్ళు మా ఊళ్ళో నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారు, ఎందుకంటే అప్పట్లో చుక్కలు టౌన్లకి అందినట్టు పల్లెలకి అందలేదు. పల్స్ పోలియో దేశమంతా మొదలైందే 1995లో. ఆఖరి కేసు 2011 జనవరిలో బెంగాల్ హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో దేశానికి పోలియో పోయిందని సర్టిఫై చేశారు. అంటే కర్రుడు గారూ, సారీ కుర్రోడు గారూ, మీరు ఊళ్ళో చూసిన చంక కర్రల వాళ్ళ వయసు గమనించండి, నలభై దాటినవాళ్ళే ఎక్కువ ఉంటారు. అది పాత బాకీ. మా తరంతో పోతుంది, పల్లె రేటు టౌన్ రేటు దగ్గరకి రావడానికి అదొక కారణం అని నాకనిపిస్తది.

నీళ్ళ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. దర్శి, పొదిలి వైపు మా ఆడపడుచు అత్తగారూళ్ళు, నడివయసుకే నడుం గూనయిపోయిన వాళ్ళున్నారు, ఫ్లోరైడు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ మొట్టమొదట 1937లో రిపోర్టు అయింది కూడా ఆ ప్రాంతం నుంచే, అప్పుడది నెల్లూరు జిల్లా. బోరు నీళ్ళే దిక్కయిన ఊళ్ళకి వచ్చే జబ్బు, కృష్ణ నీళ్ళు తాగే మన బెజవాడోళ్ళకి రాదు. కొన్ని గంటల దూరంలో ఇంత తేడా ఉంటే "పల్లె" అని ఒక్క గంపలో వేస్తే ఏం తెలుస్తది చెప్పండి, దుగ్గిరాల పల్లె వేరు, పొదిలి పల్లె వేరు.

ఇక మీకు అపార్ట్‌మెంట్లో ఎందుకు కనబడరో నేను చెప్తా, నేనే కనబడను కాబట్టి. మా బిల్డింగులో లిఫ్ట్ ఉంది. కానీ లిఫ్ట్ దాకా రావాలంటే గేటు దగ్గర నుంచి అయిదు మెట్లు, పట్టుకోడానికి రాడ్ లేదు, గ్రానైట్ వేశారు, వానొస్తే జర్రున జారుద్ది. కాలికి క్యాలిపర్ (ఆసరా పట్టీ) వేసుకుని పక్కకి తిరిగి, ఒక చెయ్యి గోడకానించి ఒక్కో మెట్టూ దిగుతా, దిగేసరికి వెనకాల ఇద్దరు ముగ్గురు ఆగిపోయి ఉంటారు, "పర్లేదండీ పర్లేదండీ" అంటారు, ఆ పర్లేదు వినలేక పొద్దున తొమ్మిదికి ముందూ రాత్రి ఎనిమిది తర్వాతా తప్ప దిగను. ర్యాంపు వేయించమని అసోసియేషన్‌కి రాసిస్తే పార్కింగ్ పోతుందన్నారు. బీసెంట్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఎక్కి నడవడం మామూలు కాళ్ళున్నోళ్ళ వల్లే కాదు, అక్కడ నన్ను మీరెట్లా చూస్తారు? ఊళ్ళో అయితే ఇంటికి గడపే, మెట్లు లేవు, వాకిట్లో కుర్చీ వేసుకుంటే ఊరంతా నాకు కనపడుద్ది, నేను ఊరికి కనబడతా. అలాగని పల్లె గొప్పదని చెప్పట్లా, అక్కడ నాకు ఉద్యోగం ఎవరిస్తారు. చదువూ జీతమూ టౌన్లోనే దొరికాయి, అందుకే మూడు వైపులా ట్రాఫిక్ ఉన్నా ఇక్కడే ఉన్నా.

కొత్తపేట ఫిజియో:

గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తుంటానండి, అందుకని నాకు తెలిసిన వైపు నుంచి చెప్తా, కొంచెం పెద్దదవుద్ది ఏమనుకోకండి.

రేటు అనేది రెండింటి మీద ఆధారపడి ఉంటది, కొత్తగా ఎంతమందికి వస్తోంది, వచ్చినవాళ్ళకి ఎన్నాళ్ళుంటోంది. ఈ రెండోదాంట్లోనే పల్లెకీ టౌనుకీ అసలు తేడా అంతా. పక్షవాతం తీసుకోండి. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్‌కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి. బ్రాడీపేటలో ఉన్నాయనకి మూతి వంకరపోతే అరగంటలో స్కానింగ్ బల్ల మీద ఉంటాడు. మాచర్ల అవతల తండాలో ఆయనకి పొద్దున్నే చెయ్యి పడిపోతే ముందు నూనె రాస్తారు, తర్వాత ఆర్ఎంపీ, తర్వాత మాచర్ల, అక్కణ్ణుంచి గుంటూరు మూడు గంటలు. వచ్చేసరికి ప్రాణం నిలబెట్టడం తప్ప కాలూ చెయ్యీ గురించి అడిగే టైం దాటిపోయి ఉంటది. జబ్బు ఒకటే, ఒకాయన లెక్కలోకి రాడు, ఇంకొకాయన జీవితాంతం లెక్కలో ఉంటాడు.

తర్వాత నా దగ్గర. స్ట్రోక్ వచ్చిన మొదటి మూడు నెలలు చాలా విలువైనవి, అప్పుడు రోజూ చేయిస్తే మడమ బిగుసుకుపోకుండా ఉంటది. టౌన్ పేషెంటుని కొడుకు స్కూటీ మీద తెచ్చి దింపి వెళ్తాడు. పల్లె నుంచి రావాలంటే ఆటో, బస్సు, మళ్ళీ ఆటో, పైగా తోడు ఒక మనిషి, ఆ మనిషి ఆరోజు కూలి పోయినట్టే. వారం వస్తారు, పది రోజులొస్తారు, "ఇంటి దగ్గర చేయిస్తాం సార్" అంటారు, నాకూ తెలుసు ఇంక రారని. మళ్ళీ ఎప్పుడో పర్సంటేజీ కోసం వచ్చినప్పుడు చూస్తే మోచెయ్యి ముడుచుకుపోయి ఛాతీకి అతుక్కుని ఉంటది, వేళ్ళు విప్పదీస్తే అరచేతిలో గోళ్ళు దిగిన గుంటలు. దాన్ని అప్పుడు నేను సాగదీసేదేముంటది.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళు పల్లెల్లో త్వరగా చనిపోతారు. వెన్నుపూస విరిగి కాళ్ళు పడిపోయినవాళ్ళు, తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులు మా దగ్గరకి వస్తుంటారు, ఇంటికెళ్ళాక పుండ్లు పడి, మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చి పోతారు. పోయినవాళ్ళు లెక్కలో ఉండరు కదా, కాబట్టి పల్లె రేటు ఆ మేరకి తగ్గి కనబడుద్ది. ఏడో నెలలో పుట్టిన బిడ్డని టౌన్లో ఇంక్యుబేటర్‌లో పెట్టి బతికిస్తారు, వాళ్ళలో కొందరికి సెరిబ్రల్ పాల్సీ ఉండొచ్చు, పల్లెలో ఆ బిడ్డ బతకకపోవచ్చు. చెప్పడానికి బాగోదు గానీ మంచి వైద్యం ఉన్నచోట రేటు పెరగడం కూడా జరుగుద్ది. టౌన్లో పెరిగిందని పైన అన్నారే, అందులో కొంత ఇది, కొంత షుగర్ వల్ల కాళ్ళు తీసేయాల్సి రావడం, కొంత బైకు యాక్సిడెంట్లు, కొంత జబ్బుకి పేరు తెలియడం. 2016 చట్టంలో వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటి చేశారు, ఆటిజం, చదువులో వచ్చే లెర్నింగ్ డిజెబిలిటీ, పార్కిన్సన్స్, తలసేమియా ఇవన్నీ వచ్చాయి. టౌన్లో అయితే ప్లేస్కూల్ టీచరే చెప్పుద్ది ఒకసారి చూపించండి అని. పల్లెలో ఆ పిల్లాడు మొండోడు, చదువెక్కనోడు, అంతే. వచ్చే లెక్కల్లో ఇరవై ఒక్క రకాలూ సరిగ్గా అడిగితే టౌను పల్లెని దాటేసినా నేను ఆశ్చర్యపోను.

ఇంకోటి చెప్పి ఆపుతా, దెబ్బ ఎక్కడ తగిలిందీ మనిషి ఎక్కడ లెక్కకొచ్చిందీ ఒకటి కాదు. ఆటోనగర్లో మెషీన్లో చెయ్యి నలిగిన కుర్రాడు, బెజవాడలో స్లాబు మీద నుంచి పడ్డ తాపీమేస్త్రి, వీళ్ళు ఆసుపత్రి నుంచి అద్దె గదికి పోరు, ఊరికి పోతారు. అమ్మా నాన్నా అక్కడే ఉంటారు, అద్దె లేదు, రేషన్ కార్డు కూడా అక్కడిదే. ప్రమాదం టౌన్ది, వికలాంగుడు పల్లె లెక్కలో. మీరు దుగ్గిరాల దగ్గర చూసినవాళ్ళలో ఇట్లా తిరిగొచ్చినవాళ్ళు ఎందరున్నారో ఈసారి అడిగి చూడండి.

మేనరికాల గురించి మీ బావ అన్నది పూర్తిగా కొట్టిపారేసేది కాదు, పుట్టుచెవుడులో దాని పాత్ర ఉంది. కాకపోతే మేనమామని చేసుకున్నవాళ్ళు టౌన్లో లేరా ఏంటి!

మొగల్రాజపురం కుర్రోడు:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తదనుకోలేదు. మా బావకి లింకు పంపా, 69 గురించి చదివి "నేను షేర్ అన్నాను, రేటు అనలేదు" అంటున్నాడు, వదిలేశా.

ఫిజియో గారు చెప్పింది నిజమేనండి, మా ఎదురింటి మస్తాన్ బాబాయి హైదరాబాద్‌లో పెయింటింగ్ పనికి వెళ్ళి పరంజా మీద నుంచి పడి వచ్చినవాడే, నేను చిన్నప్పటి నుంచీ అట్లాగే చూసి ఊళ్ళోనే అయిందనుకున్నా. భవానీపురం అక్కా, మీరు చెప్పాక కింద వాచ్‌మెన్‌ని అడిగితే మా బిల్డింగులోనే థర్డ్ ఫ్లోర్‌లో ఒకాయన వీల్‌చైర్లో ఉన్నాడంట, డయాలసిస్‌కి తప్ప దిగడంట.

ఇంకో రెండు డౌట్లు. కానూరు, పోరంకి మొన్నటిదాకా పంచాయతీలే కదా, అక్కడి అపార్ట్‌మెంట్లని పల్లె కింద రాశారా టౌన్ కింద రాశారా? రెండోది, మా పెద్దమ్మకి రెండు చెవులూ దాదాపు వినబడవు, సర్టిఫికెట్ ఎప్పుడూ తీయించలా, ఊళ్ళో ఎక్కడికెళ్ళాలి?

లక్ష్మీపురం లెక్కలోడు:

మొదటిది నేను చెప్తా. సెన్సస్ వాళ్ళకి పంచాయతీ బోర్డు ఒక్కటే లెక్క కాదు. జనం 5 వేలు దాటి, చదరపు కిలోమీటరుకి 400 మంది పైన ఉండి, పనిచేసే మగవాళ్ళలో నూటికి కనీసం 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే పంచాయతీ అయినా సెన్సస్ టౌన్ అని టౌన్ కింద రాసుకుంటారు. కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప కలిపి ఇప్పుడు ఎలాగూ మునిసిపాలిటీ చేశారు, మంగళగిరి, తాడేపల్లి కలిపి కార్పొరేషన్ చేశారు, చుట్టూ ఉన్న పల్లెలు కూడా అందులోకే వెళ్ళాయి. అంటే మనుషులు కదలకుండానే నిన్న పల్లె లెక్కలో ఉన్న వికలాంగుడు రేపు టౌన్ లెక్కలోకి వస్తాడు. 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క తీసినప్పుడు గుంటూరు, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల టౌన్ రేటు మారితే ముందు సరిహద్దులు చూడాలి, తర్వాతే కారణాలు వెతకాలి.

సత్తెనపల్లి మాస్టారు:

పెద్దమ్మ గారి సంగతి నేను చెప్తా నాయనా. ఊళ్ళో సచివాలయానికి ఆధార్ కార్డు, ఫోను తీసుకెళ్ళి సదరం స్లాట్ అడగాలి, మీ సేవలో అయినా ఇస్తారు. స్లాట్లు ఎప్పుడు వదులుతారో ముందుగా కనుక్కుని ఉంచుకో, వదిలిన కాసేపటికే అయిపోతుంటాయి. తారీఖు, ఆసుపత్రి పేరు మెసేజ్ వస్తుంది, మనిషిని స్వయంగా తీసుకెళ్ళాలి. అక్కడ చెవి డాక్టరు చూసి ఆడియోగ్రాం తీస్తారు, రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ పైన నష్టం ఉంటే వినికిడి లోపం కిందకి వస్తుంది, 70 దాటితే చెవుడు కిందకి. అనుమానం వస్తే బేరా అని ఇంకో టెస్టుకి రాస్తారు, దానికి వేరే రోజు రమ్మనొచ్చు, విసుక్కోకుండా తిరగాలి. పాత రిపోర్టులు ఏమన్నా ఉంటే పట్టుకెళ్ళు. పొద్దున టిఫిన్ పెట్టి తీసుకెళ్ళు, సాయంత్రం అవుతుంది.

భవానీపురం అక్క:

ఒక మంచినీళ్ళ బాటిలు, కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూలు కూడా పట్టుకెళ్ళు తమ్ముడూ. క్యూలో కుర్చీలు ఉండవు.